రొమ్ము ఇంప్లాంట్ల ఎంపిక: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

రొమ్మును పెద్దది చేయడానికో, క్యాన్సర్‌తో పోయిన రొమ్మును తిరిగి నిలబెట్టడానికో ఒంట్లో అమర్చే సంచిని రొమ్ము ఇంప్లాంటు అంటారు. దాని పైపొర ఎప్పుడూ సిలికాన్ రబ్బరే. లోపల నింపేది సిలికాన్ జెల్ కావచ్చు, ఉప్పునీరు కావచ్చు. ఎండాకాలంలో రోడ్డు పక్కన తాటి ముంజెలు తిన్నవాళ్లకు ఈ తేడా చెప్పడం తేలిక. లేత ముంజెను వేలితో పొడిస్తే నీళ్లు చిమ్ముతాయి. కాస్త ముదిరినదాన్ని కోసినా ముక్క ముక్కగానే నిలుస్తుంది, కారిపోదు. ఉప్పునీటి ఇంప్లాంటు మొదటి రకం, ఈ కాలంలో ఎక్కువగా వాడే చిక్కటి జెల్ ఇంప్లాంటు రెండో రకం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో (2022 ఏప్రిల్ 4న విడిపోయేదాకా తిరుపతి పట్టణం చిత్తూరు జిల్లాలోదే) ఈ ఆపరేషన్ గురించి అడిగేవాళ్లంతా ఒక్క తీరు మనుషులు కారు. క్యాన్సర్‌కు రొమ్ము తీయించుకున్నవాళ్లున్నారు. పుట్టుకతోనే ఒక పక్క ఎదగనివాళ్లున్నారు. కాన్పులయ్యాక రొమ్ములు చిక్కిపోయి లోలోపల కుమిలేవాళ్లున్నారు. తమ ఒళ్లు తమకు నచ్చినట్టు ఉండాలనుకునే పడుచులున్నారు. హార్మోన్లు వాడుతున్న ట్రాన్స్‌జెండర్ మహిళలున్నారు. వీళ్లలో ఎవరి కోరికనూ చిన్నచూపు చూడాల్సిన పని లేదు. వీళ్లందరికీ ఉన్న ఇబ్బంది మాత్రం ఒకటే. చాలామందికి ఆపరేషన్ సొంత ఊళ్లో జరగదు. చిత్తూరు నుంచి వేలూరు 35 కిలోమీటర్ల దూరం, తిరుపతి నుంచి చెన్నై 135 కిలోమీటర్ల పైచిలుకు, మదనపల్లె వైపువాళ్లకు బెంగళూరు దగ్గర. కోత పెట్టినవాళ్లు ఒక రాష్ట్రంలో, ఆ ఒంటితో బతకాల్సిన మనిషి ఇంకో రాష్ట్రంలో. అందుకే ఇక్కడ ఇంప్లాంటు ఎంచుకోవడమంటే సైజుతో తీరిపోదు. పదేళ్ల తర్వాత దాన్ని ఎవరు చూస్తారు, ఏ కాగితం చూసి చూస్తారు అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

పూర్వ చరిత్ర

రొమ్మును నింపే ఆపరేషన్‌లలో నమోదైన తొలిది 1895 నాటిది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంట్స్ చెర్నీ అనే సర్జన్ ఒక గాయని రొమ్ములోంచి గడ్డ తీసి, ఆ ఖాళీని ఆమె ఒంట్లోనే మరోచోట ఉన్న కొవ్వుగడ్డతో పూడ్చాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా జరిగింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పారఫిన్ మైనాన్ని కరిగించి సూదితో ఎక్కించారు. అది లోపల ముద్దలు కట్టి చర్మం పుండ్లు పడింది. స్పాంజీలు పెట్టారు, అవి రాయిలా గట్టిపడ్డాయి. ద్రవ సిలికాన్‌ను నేరుగా ఎక్కించారు, అది చోటు మారి ఒంట్లో పాకింది.

1960ల మొదట్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఫ్రాంక్ గెరో అనే యువ సర్జన్ రక్తం నింపిన ప్లాస్టిక్ సంచిని చేత్తో నొక్కి చూశాడు. అది రొమ్ములాగే మెత్తగా ఉందనిపించింది. మరో సర్జన్ థామస్ క్రోనిన్‌తో కలిసి, డౌ కార్నింగ్ కంపెనీ సాయంతో సిలికాన్ సంచి తయారుచేశాడు. ముందు ఎస్మెరాల్డా అనే కుక్కకు పెట్టి చూశారు. 1962లో టిమ్మీ జీన్ లిండ్సీ అనే ఆవిడకు అమర్చారు. ఆమె ఆసుపత్రికి వచ్చింది రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి. డాక్టర్లే ఈ సంగతి ఎత్తారు. ఆమెకు నిజంగా సరిచేయించుకోవాలని ఉన్నది చెవులు. రెండూ చేస్తామంటే ఒప్పుకుంది. ఇంప్లాంట్ల చరిత్రలో మొదటి మనిషే తను అడగనిదానికి ఒప్పుకుందన్న సంగతి, ఇవాళ సలహా గదిలో కూర్చునే ప్రతి ఆడమనిషీ మనసులో పెట్టుకోదగ్గది.

తర్వాత ముప్పై ఏళ్లు పెద్దగా అదుపు లేకుండానే అమ్మకాలు సాగాయి. పగుళ్లు, గట్టిపడటాలు, ఒళ్లంతా నొప్పుల ఫిర్యాదులు పెరిగాక 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అందం కోసం సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టడాన్ని ఆపేసింది. దావాల బరువుకు డౌ కార్నింగ్ 1995లో దివాలాకు పోయింది. 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణుల సంఘం లెక్కలన్నీ తిరగేసి, కీళ్లవాతం లాంటి ఒళ్లంతా పాకే జబ్బులకు ఇంప్లాంట్లే కారణమనడానికి ఆధారం కనబడలేదంది. అయితే ఇంప్లాంటు చుట్టూ అదే చోట వచ్చే చిక్కులు మాత్రం చాలా ఎక్కువని కూడా చెప్పింది. ఈ రెండో మాటను మరిచిపోయి మొదటిదే చెప్పేవాళ్లు ఎక్కువ. 2006లో జెల్ ఇంప్లాంట్లకు మళ్లీ అనుమతి వచ్చింది. అందం కోసమైతే 22 ఏళ్లు నిండాలని, ఉప్పునీటి రకానికి 18 చాలని వయసు పెట్టారు.

ఫ్రాన్స్‌లో జరిగింది ఇంతకన్నా ఘోరం. పాలీ ఇంప్లాంట్ ప్రొతేజ్ అనే కంపెనీ, పీఐపీ పేరుతో అమ్మిన సంచుల్లో వైద్యానికి వాడే జెల్ బదులు పారిశ్రామిక అవసరాలకు వాడే చవక సిలికాన్ నింపింది. 2010లో గుట్టు బయటపడింది. అప్పటికే ఆ సరుకు ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది ఒంట్లో ఉంది. కంపెనీ స్థాపకుడు జాన్ క్లోద్ మాస్‌కు 2013లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. ఫ్రాన్స్ ప్రభుత్వం తమ దేశంలో దాదాపు 30,000 మందిని వాటిని తీయించుకోమంది. ఏ కంపెనీది, ఏ లాటుది అని రాసిన చీటీ ఉన్నవాళ్లకు తమ ఒంట్లో ఏముందో వెంటనే తెలిసింది. లేనివాళ్లు పాత డాక్టర్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

2019 జులైలో ఇంకో దెబ్బ తగిలింది. అలర్గన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు పొర ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. గరుకు పొర చుట్టూ అరుదుగా పుట్టే లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ దీనికి కారణం. అప్పటికి ఎఫ్‌డీఏ లెక్కలోకి వచ్చిన 573 కేసుల్లో 481 ఆ కంపెనీ సరుకుతో ముడిపడినవే. 33 మంది చనిపోయారు.

వేలూరు, అలిపిరి, చెన్నై

అందం కోసం చేసే ఆపరేషన్‌కూ అవసరం కోసం చేసే ఆపరేషన్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఈ ప్రాంతానికి కొత్త ప్రశ్న కాదు. ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల తెరిచిన చోటే ఇవాళ్టి వేలూరు సీఎంసీ ఆసుపత్రి. చిత్తూరు జిల్లా పల్లెల్లో పెద్ద జబ్బు వస్తే 'రాయవేలూరు తీసుకుపోండి' అనే మాట తరాలుగా ఉన్నదే. ఆ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర కుష్టు రోగుల వంకరపోయిన వేళ్లను సరిచేయడం మొదలుపెట్టాడు. చేతులు బాగుపడ్డా వాళ్లకు పని దొరకలేదు. ముక్కు కుంగిపోయిన, కనుబొమలు రాలిపోయిన ముఖం చూసి జనం దూరం జరిగేవారు. అందుకని ఆయన బృందం ముక్కులు నిలబెట్టింది, తల వెంట్రుకలతో కనుబొమలు నాటింది. కనుబొమ లేకపోతే ప్రాణం పోదు. కానీ అది లేక కూలి దొరకని మనిషికి ఆ ఆపరేషన్‌ను సోకు అనగలమా? రొమ్ము విషయంలోనూ ఇదే అడగాలి.

తిరుపతిలో పరిస్థితి మారుతూ వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి నడుస్తోంది, 2014లో దానికి పద్మావతి మహిళా వైద్య కళాశాల తోడైంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు దేవస్థానంతో కలిసి కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే 5న మొదలైంది. క్యాన్సర్ వైద్యానికి చెన్నై రైలెక్కక తప్పదన్న రోజులు పోయాయి. ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ తేలినవాళ్లు 1.92 లక్షల మంది. మన ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకెళ్లాలి. కీమోతో జుట్టు రాలిన ఆడమనిషి ఏ ఊళ్లో వీధిలోకి వచ్చినా నలుగురూ తేరిపార చూస్తారు. తిరుపతిలో చూడరు. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి గుండుకు గంధం పూసుకున్న ఆడవాళ్లు రోజూ వేలల్లో బస్టాండులో, రైల్వేస్టేషన్‌లో కనిపిస్తూనే ఉంటారు. ఆమె కూడా వాళ్లలో ఒకరవుతుంది, 'మొక్కు తీర్చుకున్నావా తల్లీ' అని అడుగుతారు, అంతే. జుట్టు పోవడాన్ని ఇంత గౌరవంగా కడుపులో పెట్టుకున్న ఈ ఊరికి, రొమ్ము పోవడం గురించి మాట్లాడే భాష మాత్రం ఇంకా లేదు. రవిక లోపల ఒక పక్క గుడ్డ ముద్దో దూదో కుక్కుకుని, అది జారకుండా పిన్నీసు పెట్టుకుని, పెళ్లిళ్లలో పైట సర్దుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లున్నారు. తిరిగి రొమ్ము కట్టించుకోవచ్చని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పనే లేదు.

డబ్బున్నవాళ్లకే ఈ ఆపరేషన్ అన్న అభిప్రాయాన్ని బద్దలుకొట్టింది పొరుగునున్న చెన్నై. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం స్టాన్లీ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉచితంగా రొమ్ము ఇంప్లాంట్లు అమర్చే క్లినిక్ తెరిచింది. క్యాన్సర్ రోగులకే కాక, అందం కోసం అడిగే పేదవాళ్లకు కూడా. ప్రజల డబ్బు దీనికా అని దేశం బయట కూడా చర్చ జరిగింది. పేదవాళ్లకు మాత్రం అందం అక్కర్లేదా, మనం చేయకపోతే వాళ్లు అప్పులు చేసో, అర్హత లేనివాళ్ల దగ్గరికి పోయో ప్రమాదంలో పడతారు కదా అన్నది అప్పటి ఆరోగ్యమంత్రి విజయభాస్కర్ వాదన. ఆ వాదనలో బలముంది. మార్కెట్లో 'రొమ్ము పెంచే' నూనెలు, మాత్రలు, పూతలు ఎన్ని అమ్ముడుపోతున్నాయో చూస్తే చాలు. వాటిలో ఒక్కటి కూడా పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. సూదితో జెల్ ఎక్కించి గంటలో పంపేస్తామనే చోట్లు ఇంకా ప్రమాదం. పాలీయాక్రిలమైడ్ జెల్ చేసిన నష్టం చూసి చైనా 2006లోనే దాన్ని నిషేధించింది.

ఎంచుకునేవి ఏమిటి

సలహాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది సైజు. డాక్టరు మొదట చూడాల్సింది వెడల్పు. రొమ్ము అడుగు భాగం ఛాతీ మీద ఎన్ని సెంటీమీటర్లు పరుచుకుందో కొలిచి, ఇంప్లాంటు వ్యాసం దానికి మించకుండా చూస్తారు. మించితే అంచు పక్కలకు పొడుచుకొస్తుంది, లేదా మధ్యలో రెండూ కలిసిపోతాయి. తర్వాత చర్మం ఎంత సాగుతుందో, పైభాగంలో వేళ్ల మధ్య పట్టుకుంటే కండ ఎంత మందం ఉందో చూస్తారు. ఈ కొలతలు తీసుకోకుండా ఫొటో చూపించి 'ఇలా చేస్తాం' అనేవాళ్ల దగ్గర ఆగకపోవడం మంచిది.

ఇంప్లాంటు పరిమాణాన్ని సీసీల్లో చెబుతారు. సీసీ అంటే మిల్లీలీటరే. మన టైలర్లు తీసే ఛాతీ కొలతకు గానీ, బ్రా మీది అక్షరాలకు గానీ సీసీ నేరుగా సరిపోదు. అదే 300 సీసీ సన్నటి మనిషికి ఎక్కువగా, భారీ మనిషికి తక్కువగా కనిపిస్తుంది. ఇంట్లోనే చేసి చూసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. కొలత గీతలున్న గ్లాసుతో బియ్యం కొలిచి, పలుచటి గుడ్డసంచిలో పోసి మూతి కట్టి, కాస్త వదులు బ్రాలో పెట్టుకుని ఒక పూట ఇంటి పనులు చేయాలి. వాకిలి ఊడ్చాలి, వంగి బకెట్ ఎత్తాలి, మెట్లు ఎక్కాలి, అలవాటైన రవిక తొడుక్కుని అద్దంలో చూసుకోవాలి. 300 మిల్లీలీటర్ల బియ్యం కన్నా అంతే కొలత జెల్ కొంచెం బరువే. ఆ ఒక్కటీ గుర్తు పెట్టుకుంటే, కంప్యూటర్ బొమ్మల కన్నా ఈ బియ్యం మూట నిజం ఎక్కువ చెబుతుంది. పూట గడిచేసరికి మెడ లాగేసి సైజు తగ్గించుకున్నా నామోషీ పడక్కర్లేదు. పెద్ద సైజు కాలక్రమంలో కండను పలచబరుస్తుంది, చర్మాన్ని సాగదీస్తుంది, రెండో ఆపరేషన్‌ను దగ్గర చేస్తుంది.

ఆకారాల్లో గుండ్రటివి, నీటిబొట్టులా కింద నిండుగా ఉండేవి అని రెండున్నాయి. నీటిబొట్టు ఆకారం లోపల తిరిగిపోతే రొమ్ము వంకరగా కనిపిస్తుంది. అది తిరక్కుండా ఉండటానికే దాని పొరను గరుకుగా చేసేవారు. గరుకు పొరకూ లింఫోమాకూ సంబంధం తేలాక ఆ రకం వాడకం బాగా తగ్గింది. ఇప్పుడు మామూలు ఎంపిక నున్నటి పొర, గుండ్రటి ఆకారం. గరుకుది సూచిస్తే ఎందుకని గట్టిగా అడగాలి. ఒకే వెడల్పులో ముందుకు ఎంత పొడుచుకు రావాలన్నదాన్ని బట్టి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే ఎత్తులు ఉంటాయి. రవికలో పొందికగా అమరాలనుకునేవాళ్లకు మధ్యస్థం చాలాసార్లు సరిపోతుంది.

ఉప్పునీటిదా జెల్‌దా అంటే, జెల్ చేతికి సహజంగా తగులుతుంది, ముడతలు తక్కువ. ఉప్పునీటిది పగిలితే రొమ్ము ఒకటి రెండు రోజుల్లో చప్పబడి వెంటనే తెలిసిపోతుంది, ఆ నీటిని ఒళ్లు పీల్చుకుంటుంది. జెల్‌ది పగిలినా పైకి తెలియదు. స్కానింగ్‌లోనే బయటపడుతుంది. పరీక్షలకు పట్నం పోవడం కష్టమైనవాళ్లు ఈ తేడా గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

కండరం పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నది అన్నిటికన్నా కీలకం, అయినా రోగులు తక్కువగా అడిగేది. పైభాగంలో వేళ్లకు దొరికే మందం 2 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇంప్లాంటు అంచు కనబడుతుంది కాబట్టి ఛాతీ కండరం కింద పెడతారు. గట్టిపడే ప్రమాదమూ అప్పుడు కొంత తక్కువ, మామోగ్రామ్ తీయడమూ తేలిక. కానీ చేతులతో బలంగా పని చేసినప్పుడల్లా కండరం బిగుసుకుని ఇంప్లాంటును పైకీ పక్కకూ నెడుతుంది, రొమ్ము కదిలినట్టు కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో పాడి పశువులున్న ఇళ్లు చాలా. పాల క్యాన్లు ఎత్తే, గడ్డిమోపులు మోసే ఆడమనిషికీ, ఆఫీసులో కూర్చుని పని చేసే ఆడమనిషికీ ఒకే సమాధానం చెప్పే డాక్టరు సరిగా విననట్టే. ఏ పని చేస్తావమ్మా అని అడగకపోతే ఆమే చెప్పాలి. పైభాగం కండరం కింద, కింది భాగం రొమ్ము కండ కింద ఉండేలా రెండూ కలిపి చేసే పద్ధతీ ఉంది.

కోత ఎక్కువగా రొమ్ము కింది మడతలో పెడతారు. డాక్టరుకు చూపు బాగా ఆనుతుంది, మచ్చ మడతలో దాగుతుంది. చనుమొన చుట్టూ కోస్తే పాలనాళాలకు, స్పర్శకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు దీన్ని ముందే చెప్పాలి. ఇంప్లాంట్లున్నా చాలామంది బిడ్డకు పాలివ్వగలరు. చంకలోంచి పెడితే రొమ్ము మీద మచ్చ ఉండదు గానీ, రెండో ఆపరేషన్‌కు ఆ దారి పనికిరాకపోవచ్చు.

జారిన రొమ్ముకు ఇంప్లాంటు ఒక్కటే మందు కాదు. చనుమొన, రొమ్ము కింది మడత కన్నా దిగువకు వస్తే ముందు ఎత్తికట్టే ఆపరేషన్ కావాలి. లేకపోతే జారిన రొమ్మే పెద్దదవుతుంది. కొద్దిపాటి నిండుదనం చాలనుకుంటే సొంత కొవ్వును పొట్ట దగ్గర తీసి ఎక్కించవచ్చు. అందులో కొంత కరిగిపోతుంది కాబట్టి రెండు మూడు విడతలు పడుతుంది. ట్రాన్స్‌జెండర్ మహిళలైతే హార్మోన్లు కొంతకాలం వాడి, రొమ్ము తనంతట తాను ఎంత ఎదిగిందో చూశాకే సైజు తేల్చుకోవాలి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వాళ్ల వైద్యం బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది.

క్యాన్సర్ తర్వాత

ఇక్కడ లెక్క మారిపోతుంది. రొమ్ముతో పాటు చర్మమూ పోయి ఉంటే ఇంప్లాంటును కప్పడానికి కండ చాలదు. ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెం ఉప్పునీరు నింపి చర్మాన్ని సాగదీస్తారు. ప్రతి విడతకూ ఆసుపత్రికి రావాలి. పుంగనూరు నుంచో సత్యవేడు నుంచో వచ్చే మనిషికి అది ఎన్ని బస్సులు, ఎన్ని కూలి రోజులు అన్నది కూడా వైద్య నిర్ణయంలో భాగమే. వీపు కండను తిప్పి తెచ్చి ముందుకు కప్పే పద్ధతిని ఇటలీలో ఇజీనియో తాన్సీనీ ఇరవయ్యో శతాబ్ది మొదట్లోనే చేశాడు. ఇవాళ కూడా అది నమ్మకమైన పద్ధతి. కింది పొట్ట చర్మం, కొవ్వుతో రొమ్ము కట్టే పద్ధతిని 1982లో కార్ల్ హార్ట్‌రాంఫ్ ప్రచారంలోకి తెచ్చాడు. అందులో ఇంప్లాంటు అవసరమే రాకపోవచ్చు.

రేడియేషన్ ఇచ్చిన చోట ఇంప్లాంటు గట్టిపడే ప్రమాదం చాలా పెరుగుతుంది. అందుకే రేడియేషన్ ఉందా లేదా తేలాకే ఇంప్లాంటా, సొంత కండా అన్నది తేల్చాలి. క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ ఆపరేషన్‌కు ముందే కలిసి మాట్లాడుకోవాలి. రొమ్ము తీసే ముందు రోజు రాత్రి సంతకానికి కాగితం చాపుతున్నప్పుడు 'తర్వాత కట్టించుకునే వీలుంటుందా డాక్టరమ్మా' అని ఒక్క మాట అడిగితే, చర్మం ఎంత మిగల్చాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆపరేషనే వద్దనుకునేవాళ్లకు బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ము అచ్చులు దొరుకుతాయి. పిన్నీసు పెట్టిన గుడ్డముద్ద కన్నా అవి ఎంతో మేలు. వీపు, భుజం కూడా వంకరపోవు.

ఏం తేడా రావచ్చు

ఇంప్లాంటు జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఎఫ్‌డీఏ మాటల్లో చెప్పాలంటే, అందం కోసం పెట్టించుకున్నవాళ్లలో అయిదుగురికి ఒకరు, క్యాన్సర్ తర్వాత పెట్టించుకున్నవాళ్లలో ఇద్దరికి ఒకరు పదేళ్లలోపు తీయించుకోవాల్సి రావచ్చు. పాతికేళ్ల పడుచు దీన్ని రెండు మూడుసార్లు జరిగే పనిగానే లెక్కవేసుకోవాలి, డబ్బు కూడా అలాగే.

ఏ పరాయి వస్తువు పెట్టినా దాని చుట్టూ ఒళ్లు ఒక పొర కడుతుంది. అది కొందరిలో బిగుసుకుని రొమ్ము రాయిలా అవుతుంది, నొప్పి పుడుతుంది. దీన్ని బేకర్ అనే సర్జన్ నాలుగు మెట్లుగా విభజించాడు, మూడు నాలుగు మెట్లకు ఆపరేషనే దారి. జెల్ సంచి లోపలే పగిలితే ఎంఆర్‌ఐలో దాని పొర మడతలు మడతలుగా, గిన్నెలో ఉడికిన సేమియాలా కనిపిస్తుంది. మొదటి వారాల్లో జ్వరం, ఎరుపు, చీము కనబడితే అది ఇన్ఫెక్షన్. వాయిదా వేయకూడదు. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు, సగటున ఎనిమిది పదేళ్లకు, ఒక రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బితే లోపల చేరిన నీటిని తీసి లింఫోమా పరీక్షకు పంపాలి. తొలి దశలో ఇంప్లాంటునూ చుట్టూ ఉన్న పొరనూ పూర్తిగా తీసేస్తే అది చాలామందిలో నయమవుతుంది. ఉబ్బుకు యాంటీబయాటిక్ రాసి పంపేస్తేనే ముప్పు. మామూలు రొమ్ము క్యాన్సర్‌ను మాత్రం ఇంప్లాంట్లు పెంచవని అధ్యయనాలు చెబుతున్నాయి.

అలసట, కీళ్లనొప్పులు, మతిమరుపు లాంటి బాధలన్నీ ఇంప్లాంట్ల వల్లేనని చెప్పే ఆడవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కారణం ఇదీ అని తేలలేదు, పరీక్ష అంటూ లేదు. తీసేశాక కొందరికి తగ్గింది. ఆ బాధను భ్రమ అని కొట్టిపారేయడం వైద్యం కాదు. 2021 అక్టోబరు నుంచి అమెరికాలో ఈ ముప్పులను ఇంప్లాంటు సమాచార పత్రంలో గీతల చట్రం కట్టిన హెచ్చరికగా ముద్రించాలి, రోగి చేత ఒక్కో అంశం చదివించి సంతకం తీసుకోవాలి. అలాంటి పట్టిక తెలుగులో ఉండాలని ఇక్కడి ఆడవాళ్లు గట్టిగా అడగాలి.

డాక్టరు, డబ్బు, కాగితం

ఈ ఆపరేషన్‌కు తగిన చదువు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ. బోర్డు మీద 'కాస్మెటిక్' అని ఉన్నంత మాత్రాన అది డిగ్రీ కాదు. డాక్టరు పేరు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక వైద్య మండళ్లలో దేనిలో నమోదైందో చూడవచ్చు. మత్తు డాక్టరు ఎవరు, రాత్రి అవసరమైతే ఐసీయూ ఉందా అన్నవి అడగడానికి మొహమాటపడకూడదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలై పేర్లు మారుతూ నడుస్తున్న పథకం. క్యాన్సర్ వైద్యం అందులో ఉంది, అందం కోసం చేసే ఆపరేషన్ లేదు. ఆరోగ్య బీమా పాలసీలు కూడా కాస్మెటిక్ సర్జరీని మినహాయిస్తాయి గానీ ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణాన్ని ఆ మినహాయింపు నుంచి తప్పించాయి. క్లెయిమ్ కొట్టేస్తే ఈ సంగతి ఎత్తి చూపాలి. వైద్య సేవలకు జీఎస్టీ లేదు, అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి ఉంది. కంపెనీ వారంటీ అంటే సాధారణంగా పగిలిన ఇంప్లాంటు బదులు కొత్తది ఇవ్వడం. థియేటర్ ఖర్చు, మత్తు ఖర్చు, వేలూరు లాడ్జి అద్దె అందులో రావు.

మన దేశంలో ఇంప్లాంట్లు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. బయటి దేశపు సరుకుకు కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ దిగుమతి లైసెన్సు ఉండాలి. వస్తువు తేడా చేస్తే ఫిర్యాదు చేయడానికి 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. కానీ ఫిర్యాదు చేయాలంటే ఒంట్లో ఏముందో తెలియాలి.

ప్రతి ఇంప్లాంటు పెట్టెలో స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, మోడల్, సీసీలు, లాటు నంబరు, సీరియల్ నంబరు వాటి మీద ఉంటాయి. ఎడమకొకటి, కుడికొకటి. ఒక జత ఆసుపత్రి రికార్డులో, ఒక జత రోగికిచ్చే కార్డు మీద అంటించాలి. బిల్లు కట్టి, డిశ్చార్జి సమ్మరీ తీసుకుని, ఈ కార్డు అడక్కుండా బస్సెక్కేవాళ్లే ఎక్కువ. ఆసుపత్రులు మూతపడతాయి, డాక్టర్లు ఊళ్లు మారతారు, పదేళ్ల నాటి ఫైలు దొరకదు. ఆ కార్డును ఫొటో తీసుకుని, అసలును బీరువాలో ఆధార్ పక్కనే పెట్టుకోవాలి. ఇంట్లో ఇంకొక్కరికైనా, అక్కకో అమ్మకో, అది ఎక్కడుందో తెలిసి ఉండాలి.

జెల్ ఇంప్లాంటున్నవాళ్లు ఆపరేషన్ అయిన అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచన. దీనికి చెన్నై దాకా పోనక్కర్లేదు, తిరుపతిలోనే చేయించుకుని రిపోర్టు డాక్టరుకు పంపవచ్చు. క్యాన్సర్ పరీక్షకు స్విమ్స్ పింక్ బస్సు ఊళ్లోకి వచ్చినప్పుడు మామోగ్రామ్ పలక మీద నిలబడకముందే లోపల ఇంప్లాంటు ఉందని చెప్పాలి. అప్పుడు టెక్నీషియన్ ఇంప్లాంటును వెనక్కి నెట్టి, సొంత కండను ముందుకు లాగి, ఒక్కో రొమ్ముకు అదనంగా రెండు ఫిల్ములు తీస్తారు. చుట్టూ నలుగురున్నారని బిడియపడి చెప్పకపోతే, ఇంప్లాంటు నీడలో దాక్కున్న చిన్న గడ్డ ఆ ఫిల్ములో కనబడదు.